తన ఒంటితోనే మొదలుపెట్టినవాడు

పోయిన ఏడాది మా ఊరి తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో, భోజనాల లైన్లో నిలబడి ఉండగా ఓ పెద్దావిడ మా కవలపిల్లల్ని చూసి ముచ్చటపడ్డారు. వీళ్ళలో ఒరిజినల్ ఎవరు, జెరాక్స్ ఎవరు అని సరదాగా అడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తిరిగి కారులో ఇంటికి వస్తుంటే, నాలుగు నిమిషాలు వెనక పుట్టిన మా చిన్నది, తను జెరాక్సా అని అడిగింది. ఆరేళ్ళ పిల్ల. మా ఆవిడ నా వంక చూసింది. ఆఫీసులో రోజుకి పదిసార్లు 'క్లోన్' అనే కమాండ్ కొట్టే నాకు, ఆ క్షణంలో సరైన జవాబు తోచలేదు. రేపు చెప్తానమ్మా అని దాటేశాను.

ఆ రాత్రి జవాబు కోసం ఆలోచిస్తుంటే నా మనసు కాకినాడ వెళ్ళింది. ఎందుకో చెప్తాను.

మాది కాకినాడ దగ్గర ఓ పల్లెటూరు. నా చిన్నప్పుడు మా పెద్దమ్మ కొడుకు రంగరాయ మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివేవాడు. ఆదివారాలు ఇంటికొచ్చినప్పుడు పిల్లలందర్నీ అరుగు మీద కూర్చోబెట్టుకుని కాలేజీ కబుర్లు చెప్పేవాడు. వాటిలో మాకు బాగా ఇష్టమైంది దొరగారి అస్థిపంజరం కథ. ఎవరో ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్ద సైంటిస్టు తన శవాన్ని వాళ్ళ కాలేజీకి రాసిచ్చాడనీ, ఆయన ఎముకలు అక్కడే ఉన్నాయనీ చెప్పేవాడు. మేం నమ్మేవాళ్ళం కాదు. ఇంగ్లండు దొర కాకినాడ ఎందుకొస్తాడు? మమ్మల్ని భయపెట్టడానికి అన్నయ్య అల్లిన కథ అనుకునేవాళ్ళం.

తరవాత చాలా ఏళ్ళకి అమెరికా వచ్చి మాస్టర్స్ చేస్తున్నప్పుడు, జెనెటిక్ అల్గారిథమ్స్ అనే సబ్జెక్టు తీసుకున్నాను. పరిణామ సిద్ధాంతాన్ని లెక్కల్లోకి దింపిన ముగ్గురిలో ఒకడుగా జె.బి.ఎస్. హాల్డేన్ పేరు ఎదురైంది. కుతూహలం కొద్దీ ఆయన జీవితం గురించి చదువుతూ పోతే చివర్లో కాకినాడ కనిపించింది. అన్నయ్య చెప్పింది నిజమే!

ఇంకో విషయం కూడా అప్పుడే తెలిసింది. మొక్కలకి వాడే 'క్లోన్' అనే మాటని మనుషుల విషయంలో ప్రచారంలోకి తెచ్చింది కూడా ఈయనే. కాబట్టి మా చిన్నదానికి చెప్పవలసిన జవాబుని ఈ దొరగారి కథతోనే మొదలుపెడుతున్నాను.

బొగ్గు గనిలో పాఠం

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. వాళ్ళది స్కాట్లండులో పేరున్న కుటుంబం. తమాషా ఏమిటంటే, స్కాట్లండులో వాళ్ళ కుటుంబానికి ఉన్న ఎస్టేటు పేరు కూడా క్లోన్! స్పెల్లింగ్ వేరు, సంబంధం ఏమీ లేదు, ఉత్త కాకతాళీయం.

తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద పరిశోధనలు చేసిన గొప్ప ఫిజియాలజిస్టు. గనుల్లో, మురుగు కాలవల్లో, సముద్రం అడుగున మనిషి ఎలాంటి గాలి పీలిస్తే ఏమవుతుందన్నది ఆయన పని. బొగ్గు గనుల్లో విషవాయువుని ముందుగా పసిగట్టడానికి చిన్న పక్షుల్ని తీసుకెళ్ళమని సలహా ఇచ్చింది ఈయనే. అయితే ఆయన పక్షుల్ని పంపి తను బయట కూర్చున్న రకం కాదు. కార్బన్ మోనాక్సైడ్ తనే పీల్చి, తన రక్తం తనే పరీక్షించుకుని, ఎంతవరకు ప్రమాదం లేదో లెక్క రాసుకున్న మనిషి.

కొడుకుని కూడా చిన్నప్పటి నుంచే ఇందులో దింపాడు. ఒకసారి పిల్లవాణ్ణి బొగ్గు గనిలోకి తీసుకెళ్ళి, కప్పు దగ్గర మీథేన్ పేరుకున్న చోట నిలబడి, షేక్స్‌పియర్ నాటకంలో మార్క్ ఆంటొనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కుర్రవాడు కాసేపు చెప్పి, ఆయాసపడి, కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. నేల దగ్గర గాలి బాగానే ఉంది కాబట్టి వెంటనే తేరుకున్నాడు. మీథేన్ గాలి కంటే తేలిక, పైకి చేరుతుంది అనే పాఠం జన్మలో మర్చిపోలేదు. పదమూడేళ్ళ వయసులో సరిగ్గా పట్టని డైవింగ్ సూటు వేసుకుని సముద్రంలోకి దిగాడు, లోపలికి నీళ్ళు కారుతున్నా.

ఇప్పుడు మనం ఇలాంటి తండ్రి గురించి వింటే పోలీసులకి ఫోన్ చేస్తాం. కానీ ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. ప్రమాదం ఉన్న ప్రయోగమైతే ముందు తన మీద చేసుకోవాలి. ఆ తరవాతే ఇంకొకరి మీద. కొడుకు ఆ నియమాన్ని జీవితాంతం పట్టుకుని వేళ్ళాడాడు.

లెక్కలు, తుపాకులు, ఆమ్లాలు

హాల్డేన్ ఈటన్‌లోనూ, ఆక్స్‌ఫర్డ్‌లోనూ చదివాడు. డిగ్రీ చేసింది గణితం, ఆ తరవాత గ్రీకు-లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం. సైన్సులో ఆయనకి డిగ్రీ లేదంటే మన ఇంజనీర్లకి నమ్మబుద్ధి కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్లాక్ వాచ్ అనే స్కాట్లండు పటాలంలో చేరాడు. 1915లో జర్మన్లు క్లోరిన్ ప్రయోగించినప్పుడు, తండ్రితో కలిసి గ్యాస్ మాస్కుల పరీక్షల్లో పాల్గొని ఆ క్లోరిన్ పీల్చాడు. ఫ్రాన్సులో ఒకసారి, మెసపొటేమియాలో ఒకసారి గాయపడ్డాడు. రెండోసారి చికిత్స కోసం ఇండియా పంపించారు. అప్పుడే ఈ దేశం ఆయన మనసులో పడింది.

యుద్ధం తరవాత కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ రీడరుగా చేరాడు. రక్తంలో ఆమ్లం ఎక్కువైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమ్మోనియం క్లోరైడు నీళ్ళలో కలుపుకుని తాగాడు. మెట్లెక్కలేనంత ఆయాసం వచ్చింది. ఆ పరిశోధనే తరవాత పసిపిల్లలకి వచ్చే ఒక రకం ఈడ్పు జబ్బుకి వైద్యంగా పనికొచ్చింది.

అదే కాలంలో 1924 నుంచి వరసగా పరిణామం మీద లెక్కల వ్యాసాలు రాశాడు. మాంచెస్టర్ ప్రాంతంలో మసి పట్టిన చెట్ల మీద తెల్ల చిమ్మటల స్థానంలో నల్ల చిమ్మటలు ఎంత వేగంగా పెరిగాయో చూసి, నల్లవాటికి తెల్లవాటి కంటే సుమారు 50 శాతం ఎక్కువ సంతానం మిగిలి ఉండాలని లెక్క తేల్చాడు. రోనాల్డ్ ఫిషర్, సీవల్ రైట్‌లతో పాటు ఈయన వేసిన పునాది మీదే ఇవాళ్టి పాపులేషన్ జెనెటిక్స్ నిలబడి ఉంది. 1932లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసరుగా వెళ్ళాడు.

1939 జూన్ 1న థీటిస్ అనే కొత్త సబ్‌మెరీన్ లివర్‌పూల్ దగ్గర పరీక్షల్లో మునిగి 99 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఓడలు కట్టే కార్మికులు. కార్మిక సంఘాలు హాల్డేన్‌ని సంప్రదించాయి. ఆయన చేసిన మొదటి పని, ఇనప పెట్టె లాంటి ప్రెషర్ ఛాంబర్‌లో తనే కూర్చుని తలుపు వేయించుకోవడం. తోడుగా స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన నలుగురు స్నేహితులు. యుద్ధకాలమంతా నేవీ కోసం ఇవే ప్రయోగాలు సాగాయి. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చి ఫిట్స్ వచ్చి ఒకసారి వెన్నుపూసలు నలిగిపోయాయి. ఆ నొప్పి చివరిదాకా పోలేదు. ఛాంబర్‌లో ఉన్నవాళ్ళంతా తెలిసి, ఇష్టపడి వచ్చినవాళ్ళే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

కడుపు బయట బిడ్డ

1923 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో ఒక విద్యార్థి సంఘం ముందు హాల్డేన్ చేసిన ప్రసంగం 'డెడాలస్' అనే చిన్న పుస్తకంగా వచ్చి ఇంగ్లండుని గగ్గోలు పెట్టింది. అందులో భవిష్యత్తులో ఒక విద్యార్థి రాసిన వ్యాసం అంటూ ఒక ఊహ చేశాడు. 1951లో తల్లి గర్భం బయట మొట్టమొదటి బిడ్డని తయారుచేస్తారట. కొన్నేళ్ళలో అదే మామూలైపోయి, తల్లి కడుపున పుట్టేవాళ్ళు ఇంగ్లండులో 30 శాతం కూడా ఉండరట. తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా కొద్దిమంది ప్రతిభావంతుల్నే ఎంచుకుంటారట. ఆల్డస్ హక్స్‌లీ 1932లో రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' నవలకి ఈ ఊహ కూడా ఒక ప్రేరణ.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన వాదన ఒకటుంది. జీవశాస్త్రంలో ఏ కొత్త పద్ధతి వచ్చినా మొదట అది అసహ్యంగా, వికృతంగా అనిపిస్తుందనీ, కొంతకాలానికి అదే ఆచారమై, ఆ తరవాత దాన్ని కాదంటేనే తప్పు అనే స్థితి వస్తుందనీ హాల్డేన్ అంటాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఆవుపాలు. ఇంకో జంతువు తన దూడ కోసం దాచుకున్న పాలు పిండుకుని మనిషి తాగడం మొదట్లో ఎంత వింతగా ఉండి ఉంటుందో ఆలోచించమంటాడు. మనకి ఇవాళ ఆవుపాలు లేని అభిషేకం లేదు! 1978 జులై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్, అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేతుల మీదుగా దుర్గ పుట్టినప్పుడు, టెస్ట్‌ట్యూబ్ బేబీ అంటే జనం ముక్కున వేలేసుకున్నారు. ఇవాళ మన స్నేహితుల్లో ఎంతమంది ఇళ్ళలో ఐ.వి.ఎఫ్. పిల్లలున్నారో లెక్కపెట్టం కూడా. ఈ విషయంలో హాల్డేన్ చెప్పింది అక్షరాలా జరిగింది.

కానీ ప్రతిభావంతుల్ని ఎంచడం అనే దగ్గర అంత తేలిగ్గా లేదు. అది ఆయన జీవితమే చెబుతుంది. 1930లలో ఈ ఎంపిక పేరుతోనే కొన్ని దేశాలు బీదవాళ్ళకి, మతి స్థిమితం లేనివాళ్ళకి బలవంతపు ఆపరేషన్లు చేశాయి. నాజీ జర్మనీ అందులో ఎంతదూరం వెళ్ళిందో తెలిసిందే. 1938లో హాల్డేన్ 'హెరిడిటీ అండ్ పాలిటిక్స్' అనే పుస్తకంలో, పేదరికాన్ని వంశపారంపర్య లోపంగా చూపించే వాదాల్ని గట్టిగా ఖండించాడు.

అలాంటివాడే పదేళ్ళ తరవాత తడబడ్డాడు. ఆయన కమ్యూనిస్టు. సోవియట్ రష్యాలో లైసెంకో అనే మనిషి, స్టాలిన్ అండతో జన్యుశాస్త్రాన్నే నిషేధించే స్థితి తెచ్చాడు. హాల్డేన్‌కి తెలిసిన గొప్ప శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. అయినా 1948లో లైసెంకో విషయం రచ్చకెక్కినప్పుడు హాల్డేన్ సూటిగా ఖండించలేకపోయాడు, ఇటూ అటూ కాని మాటలు మాట్లాడాడు. 1950 ప్రాంతంలో చప్పుడు చెయ్యకుండా పార్టీకి దూరమయ్యాడు. విషవాయువు ముందు వెనకాడని మనిషి ఇక్కడ వెనకాడాడు. ఎవరు గొప్పవాడు, ఎవరు కాదు అన్న తీర్పు ఎంత తెలివైనవాడి చేతిలోనైనా వంకర పోవచ్చు అనడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

మన దేశానికి

1957లో హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఇంగ్లండు వదిలేసి కలకత్తా వచ్చేశాడు. మహలనోబిస్ ఆహ్వానం మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. సూయెజ్ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా వస్తున్నానని చెప్పుకున్నాడు. మనం ఉద్యోగాల కోసం అటు వెళ్తుంటే, రాయల్ సొసైటీ ఫెలో 64 ఏళ్ళ వయసులో ఇటు వచ్చాడు. తరవాత మన పౌరసత్వం తీసుకున్నాడు. ధోవతి, కుర్తా కట్టాడు. మాంసం మానేశాడు.

హెలెన్ కూడా మంచి జీవశాస్త్రవేత్త. గప్పీ అనే చిన్న చేపల్లో మగచేప అవసరం లేకుండానే పిల్లలు పుట్టడం గమనించానని ఆమె 1950లలో చెబితే, లండన్ పత్రికలు కన్యగా ఉండి తల్లి అయినవాళ్ళ కోసం వెతుకులాట మొదలుపెట్టాయి! అంటే ఒక్కరి నుంచే ఒక ప్రాణి పుట్టడం అనే విషయం ఆ ఇంట్లో భోజనాల దగ్గర కబుర్లలోనే ఉండేదన్నమాట.

ఇక్కడ హాల్డేన్ శిష్యుల్లో మన పిఠాపురం వాస్తవ్యులు ద్రోణంరాజు కృష్ణారావు గారు ఒకరు. ఆయన తరవాత హ్యూస్టన్‌లో స్థిరపడి గురువుగారి మీద పుస్తకాలు రాశారు. చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తాయి, మన ఆంధ్రదేశంలో మేనమామ-మేనకోడలు పెళ్ళిళ్ళు ఎంతవరకు ఉన్నాయి లాంటి విషయాలు ఆయన చేత హాల్డేన్ పరిశోధన చేయించాడు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఏ ప్రాణినీ కోయక్కర్లేదు. కళ్ళుంటే చాలు, ఓపిక ఉంటే చాలు అనేది ఆయన పద్ధతి. అహింసతో సైన్సు చెయ్యడానికి ఈ దేశం అనువైనదని ఆయన నమ్మాడు. తన మీద చేసుకోలేని ప్రయోగం జంతువు మీద చెయ్యడం కూడా ఆయనకి నచ్చేది కాదు. కలకత్తాలో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళతో పొసగక బయటికొచ్చేసి, బిజూ పట్నాయక్ పిలుపు మీద 1962లో భువనేశ్వర్ చేరాడు. అక్కడ జెనెటిక్స్ ల్యాబొరేటరీ పెట్టాడు.

లండన్‌లో క్లోన్

ఆ సంవత్సరమే నవంబరులో, 70 ఏళ్ళు నిండిన నెలలో, మనిషి భవిష్యత్తు మీద లండన్‌లో సీబా ఫౌండేషన్ జరిపిన సదస్సుకి హాల్డేన్ వెళ్ళాడు. రాబోయే పదివేల ఏళ్ళలో మానవజాతికి జీవశాస్త్రపరంగా ఏమేం సాధ్యం అన్నది ఆయన తీసుకున్న విషయం.

గ్రీకులో 'క్లోన్' అంటే రెమ్మ. 1903లో అమెరికాలో వెబ్బర్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మాటని మొక్కలకి వాడాడు. మనకి ఇది కొత్తేం కాదు, కడియం నర్సరీల్లో అంటు కట్టిన ప్రతి మామిడి మొక్కా క్లోనే. బంగినపల్లి మామిడి ఏ ఊళ్ళో కాసినా ఒకే రుచి ఉంటుందంటే కారణం అదే. టెంక పాతితే ఏ రకం వస్తుందో తెలియదు, అంటు కడితే తల్లిచెట్టే మళ్ళీ వస్తుంది. 1952లో అమెరికాలో బ్రిగ్స్, కింగ్ అనే ఇద్దరు కప్ప పిండంలోని కణకేంద్రాన్ని వేరే అండంలో పెట్టి కప్ప పిల్లల్ని పుట్టించారు. 1962లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గర్డన్, తోకకప్ప పేగు కణాలతో అదే సాధించాడు. మొక్కకీ కప్పకీ కుదిరింది మనిషికి ఎందుకు కుదరదు అని హాల్డేన్ ముందుకి ఆలోచించాడు.

ఆయన వేసిన పథకం స్థూలంగా ఇది. ఏదైనా రంగంలో ప్రతిభ రుజువైనవాళ్ళని, యాభై ఏళ్ళు దాటాక క్లోన్ చెయ్యాలి. ఆటగాళ్ళని, నాట్యం చేసేవాళ్ళని మాత్రం ఇంకా చిన్న వయసులో. నూరేళ్ళు ఆరోగ్యంగా బతికినవాళ్ళని కూడా చెయ్యాలి, దీర్ఘాయుష్షు మంచిదో కాదో తెలుసుకోవడానికి. గొప్పవాళ్ళలో చాలామంది బాల్యం కష్టాల్లో గడిచింది కాబట్టి, 55 ఏళ్ళకి వాళ్ళు రిటైరై తమ క్లోన్ పిల్లల్ని తామే పెంచి చదివిస్తే, తాము పడ్డ బాధలు వాళ్ళు పడకుండా చూడొచ్చు. అంతా చెప్పి, మనుషులు దారి సరిగ్గా తెలుసుకునే లోపల అన్ని తప్పులూ చేస్తారు కాబట్టి తప్పుడు మనుషుల్నే క్లోన్ చేసే అవకాశం కూడా ఉందని ఒప్పుకున్నాడు.

ఆయన దృష్టి ఎక్కువగా ఎవర్ని ఎంచాలి, వాళ్ళ వల్ల లోకానికి లాభం ఏమిటి అన్న దాని మీదే ఉంది. ఇంటి నియమం ఇక్కడ కనిపించదు. నిజానికి కనిపించే వీలు కూడా లేదు. విషవాయువు ముందు తను పీల్చి చూడొచ్చు. క్లోనింగ్ ముందు తన మీద చేసుకుని చూడటం ఎలా? హాల్డేన్ తన కణం ఇవ్వగలడు, అంతే. ప్రయోగం జరిగేది ఆ కణం నుంచి పుట్టే బిడ్డ మీద. ఇనప పెట్టెలో కూర్చునేది ఆ బిడ్డ. తలుపు వెయ్యొచ్చా అని అడగడానికి అప్పటికి ఆ బిడ్డ లేనే లేడు.

కాకినాడ ప్రయాణం

1963 చివర్లో హాల్డేన్‌కి పెద్దపేగు కింది భాగంలో కేన్సర్ అని తేలింది. లండన్‌లో ఆపరేషన్ జరిగింది. ఆస్పత్రి మంచం మీద నుంచే తన కేన్సర్ మీద ఒక హాస్య పద్యం రాసి పత్రికకి పంపాడు, లక్షణాలు కనబడగానే డాక్టరు దగ్గరికి పొండని జనానికి చెప్పడానికి. బి.బి.సి. వాళ్ళ కోసం తన సంతాప ప్రసంగం తనే రికార్డు చేశాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

విల్లులో తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాశాడు. బతికుండగానే ఈ శరీరం ప్రయోగాలకి పనికొచ్చింది, పోయాక నాకు దీనితో పని లేదు, వేరేవాళ్ళకి పనికిరానీ అన్నది దాని సారాంశం. శవాన్ని చల్లగా ఉంచడానికయ్యే ఖర్చు తన ఆస్తిలోంచి మొట్టమొదట తీయమన్నాడు కూడా. 1958లో మొదలైన ఆ కాలేజీ అప్పటికి ఆరేళ్ళ పసిది. ఆయన అస్థిపంజరాన్ని కాలేజీ భద్రపరిచింది. హెలెన్ తరవాత హైదరాబాదు వచ్చి ఉండిపోయింది, 1978లో అక్కడే చనిపోయింది.

ఆ తరవాత జరిగింది

హాల్డేన్ పోయిన 32 ఏళ్ళకి, 1996 జులై 5న, స్కాట్లండులో ఎడింబరో దగ్గర రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. పెద్ద గొర్రె పొదుగు కణం నుంచి తయారైన మొదటి పాడిజంతువు. అందరికీ డాలీ గుర్తుంది. దాని వెనకున్న అంకెలు గుర్తుండవు. 277 అండాల్లో కణాలు కలిపితే 29 పిండాలు తయారయ్యాయి. వాటిని 13 గొర్రెల్లో పెడితే బతికి బయటపడింది ఒక్క డాలీ. 2018లో షాంఘైలో కోతుల్ని క్లోన్ చేసినట్టు ప్రకటించారు. 79 పిండాలు 21 కోతుల్లో పెడితే రెండు పిల్లలు దక్కాయి, అవి కూడా పిండ దశ కణాల నుంచి. పెద్ద కోతి కణాల నుంచి పుట్టిన రెండూ బతకలేదు.

మనిషి విషయంలో 2002 చివర్లో ఒక సంస్థ క్లోన్ పాప పుట్టిందని చెప్పుకుంది కానీ రుజువు చూపలేదు. ఇప్పటివరకు క్లోనింగ్ ద్వారా మనిషి పుట్టినట్టు ఎవరూ నిరూపించలేదు. 2005లో ఐక్యరాజ్యసమితి అన్ని రకాల మానవ క్లోనింగ్‌నీ నిషేధించమని తీర్మానం చేస్తే ఇండియా వ్యతిరేకంగా ఓటు వేసింది. బిడ్డని పుట్టించడానికి ఒప్పుకుని కాదు. వైద్యం కోసం పిండ కణాలు తయారుచేసుకునే దారి మూసెయ్యకూడదని. ఆ దారిలో 2013లో ఆరెగన్‌లో మితాలిపోవ్ బృందం మనిషి కణాలతో విజయం సాధించింది కూడా. మన ఐ.సి.ఎం.ఆర్. నియమాలు మాత్రం క్లోనింగ్‌తో బిడ్డని పుట్టించడాన్ని స్పష్టంగా నిషేధించాయి.

మా వృత్తిలో కొత్త ప్రోగ్రాం రాస్తే ముందు టెస్ట్ సర్వర్ మీద పెడతాం. పగిలితే పగిలింది, తుడిచేసి మళ్ళీ రాస్తాం. మనిషి బిడ్డకి టెస్ట్ సర్వర్ లేదు. ఆ 276 ఎక్కడికి పోయాయి అని గొర్రెల విషయంలో అడగలేదు గానీ, పిల్లల విషయంలో అడగకుండా ఉండలేం.

సరే, రేపెప్పుడో పద్ధతి మెరుగుపడి, ఒక్కటి కూడా విఫలం కాకుండా బిడ్డ పుడతాడనుకుందాం. అప్పుడు హాల్డేన్ ఆవుపాల వాదన గెలుస్తుందా? గెలవొచ్చు. అయినా నాకు ఇబ్బందిగా ఉండేది ఆయన పథకంలో ఆ రిటైరైన పెద్దమనిషి. తను మళ్ళీ తననే పెంచుకుంటూ, తను చేసిన పొరపాట్లు వీడు చెయ్యకూడదని కాపలా కాస్తూ కూర్చునే తండ్రి. దానికి క్లోనింగ్ అక్కర్లేదని మనకి తెలుసు. నాకు దొరకని ర్యాంకు వాడికి రావాలి, నేను నేర్చుకోలేని సంగీతం అది నేర్చుకోవాలి అని శని ఆదివారాలు పిల్లల్ని క్లాసు నుంచి క్లాసుకి తిప్పే మనం, ఆ పని 55 దాకా ఆగకుండా 35కే మొదలుపెట్టాం. ఇందులో నేను ముందున్నాను కాబట్టి ఎవర్నీ వేలెత్తి చూపడం లేదు.

మా చిన్నదానికి జవాబు

మర్నాడు మా చిన్నదాన్ని, పెద్దదాన్ని కూడా కూర్చోబెట్టుకున్నాను. ఒకే పిండం రెండుగా విడిపోతే మీరిద్దరూ వచ్చారని చెప్పాను. సుమారు ప్రతి వెయ్యి కాన్పుల్లో మూడు నాలుగు ఇలా జరుగుతాయి. విడిపోయిన రెండిట్లో ఒకటి అసలు, ఒకటి నకలు అని లేదు. రెండూ అసలే. స్టాంప్ ప్యాడ్ తెచ్చి ఇద్దరి వేలిముద్రలూ కాగితం మీద వేయించాను. భూతద్దంలో చూపిస్తే రెండూ వేరు. ఒకే జన్యువులైనా వేలిముద్రలు ఒకటి కావు.

తరవాత టెక్సస్‌లో 2001లో పుట్టిన క్లోన్ పిల్లి ఫొటో చూపించాను. అసలు పిల్లి ఒంటి మీద మూడు రంగుల మచ్చలు, క్లోన్ మీద ఆ రంగులు అలా రాలేదు. అసలు ఆ పిల్లీ దాని క్లోనూ మీ ఇద్దరి కంటే ఎక్కువ తేడా ఉన్నవని చెప్పాను. ఎందుకంటే క్లోన్‌లో అండం వేరేవాళ్ళది, అందులో ఉండే మైటోకాండ్రియా జన్యువులు వేరు. కవలలకి అవి కూడా ఒకటే. అయినా మా ఇంట్లో ఒకత్తికి గోంగూర కావాలి, ఇంకొకత్తి వాసన చూస్తే పారిపోతుంది.

చిన్నది కాసేపు తన వేలిముద్ర చూసుకుని, తరవాత ఆ ఉగాది ఆంటీకి కూడా ఇది చూపించాలి అంది. ఈ ఏడాది ఉగాదికి పర్సులో పెట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ నిజంగానే కళ్ళజోడు పెట్టుకుని చూసి, బుగ్గలు పుణికి, తప్పయిపోయిందే తల్లీ అన్నారు.

పిల్లలు కాస్త పెద్దయ్యాక కాకినాడ తీసుకెళ్ళి, కాలేజీ వాళ్ళు అనుమతిస్తే దొరగార్ని చూపించాలని ఉంది. భయపెట్టడానికి కాదు. ఎవరి ఒంటి మీద ప్రయోగం, ఎవరు ఒప్పుకున్నారు అనే రెండు ప్రశ్నలు అడగడం ఆయన ముందు నిలబడితే తేలిగ్గా నేర్పొచ్చని. పాఠకుల్లో రంగరాయలో చదివిన డాక్టర్లు చాలామంది ఉంటారు. మీలో ఎవరైనా అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని చూసి ఉంటే, ఆ అనుభవాలు మన పత్రికకి రాసి పంపండి. మా అన్నయ్య కథలకి కొనసాగింపుగా మా పిల్లలకి చదివి వినిపిస్తాను.